నడక నేరమైన చరిత్ర: అమెరికాలో వలస నేరాల కేసులు, 1929 తర్వాత

అమెరికాలో ఫెడరల్ అధికారులు 1998లో చేసిన అరెస్టుల్లో నూటికి 63 మంది ఆ దేశపు పౌరులే. ఇరవై ఏళ్ళు తిరిగి 2018 వచ్చేసరికి లెక్క తలకిందులైంది. నూటికి 64 మంది పౌరులు కానివాళ్ళు. ఇవి ఆ దేశపు న్యాయశాఖ గణాంక విభాగమే ప్రకటించిన అంకెలు. వీటిని చూపి 'బయటనుంచి వచ్చినవాళ్ళే నేరాలు చేస్తున్నారు చూశారా' అనేవాళ్ళు అక్కడా వున్నారు, ఇక్కడా వున్నారు. ఏ నేరాలు అని అడిగినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. ఆ ఇరవై ఏళ్ళలో పెరిగిన అరెస్టుల్లో అత్యధిక భాగం హత్యలవీ కావు, దోపిడీలవీ కావు. అనుమతి లేకుండా సరిహద్దు దాటడం, వెళ్ళగొట్టిన తర్వాత మళ్ళీ రావడం వంటి వలస 'నేరాలవి'.

ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. వలస నేరాల కేసులు పెరగటం, తరగటం సరిహద్దు దాటేవాళ్ళ సంఖ్యనుబట్టి జరగలేదు, పాలించేవాళ్ళ అవసరాన్నిబట్టి జరిగింది. ఆ చట్టం పుట్టిందే ఒక బేరంలో. కూలి కావాలి, కూలిమనిషి మాత్రం మనలో కలవకూడదు అన్నది ఆ బేరం.

మెక్సికో కూలీల సంగతి మనకెందుకు అని దళిత పాఠకులు అడగొచ్చు. బ్రిటిష్‌వాళ్ళు 1871లో తెచ్చిన నేర తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికి కూడా వచ్చింది. 1913లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం పెట్టి ఎరుకలవాళ్ళను అక్కడ కుదేశారు, కాపలా సాల్వేషన్ ఆర్మీకి అప్పజెప్పారు. పేరు రిజిస్టరులో ఎక్కినవాడు వేలిముద్ర ఇవ్వాలి, హాజరు చెప్పుకోవాలి, చీటీ లేకుండా ఊరు దాటకూడదు. దాటితే అదే నేరం. దాటి ఏం చేశాడన్న ప్రశ్న లేదు. ఉప్పూ ధాన్యమూ మోసుకుని ఊరూరా తిరిగి బతికిన మనుషులకు నడకే నేరమైంది. ఒక జనసమూహం బతుకుతెరువునే నేరంగా రాసి, ఆ తర్వాత వాళ్ళను నేరస్తులని పిలవటం ఎట్లా జరుగుతుందో మనకు తెలుసు. ఆ తెలివిడితోనే అమెరికా చట్టాన్ని చదువుతున్నాం.

పంపించటం వేరు, శిక్షించటం వేరు

ముందు ఒక తేడా గుర్తు పెట్టుకోవాలి. అమెరికా న్యాయంలో మనిషిని దేశం నుంచి పంపెయ్యటం శిక్ష కాదు, సివిల్ వ్యవహారం. 1882లో చైనా కూలీలను రానివ్వకుండా చట్టం చేశారు. 1892లో దాన్ని ఇంకా బిగించి, దేశంలో వున్న చైనా కూలీ ప్రతివాడూ ధ్రువపత్రం దగ్గర పెట్టుకోవాలన్నారు. అక్రమంగా వున్నాడని తేలితే విచారణ లేకుండానే ఏడాది వరకు కఠిన శ్రమ చేయించి, ఆ తర్వాత పంపెయ్యొచ్చన్నారు. 1893లో సుప్రీంకోర్టు పంపించటం వరకు ఒప్పుకుంది. 1896లో వాంగ్ వింగ్ కేసులో మాత్రం కఠిన శ్రమ అంటే శిక్షేనని, శిక్ష వెయ్యాలంటే మామూలు నేరవిచారణ జరగాల్సిందేనని చెప్పింది.

ఈ తీర్పు చైనావాళ్ళకు కొంత రక్షణ ఇచ్చిన మాట నిజం. కానీ పాలకులకు ఒక దారి కూడా చూపించింది. వలస వచ్చినవాణ్ణి జైల్లో పెట్టాలంటే, రావటాన్నే నేరమని చట్టంలో రాసుకుంటే సరిపోతుంది. ఆ పని 1929లో జరిగింది.

వంతెన దగ్గర మైల

1917 వలస చట్టం సరిహద్దు దాటేవాళ్ళమీద 8 డాలర్ల తలపన్ను పెట్టింది, చదవటం వచ్చా రాదా అని పరీక్ష పెట్టింది. అదే ఏడాది టెక్సస్‌లోని ఎల్ పాసో వంతెన దగ్గర మెక్సికో నుంచి పనికొచ్చే ఆడామగా బట్టలు విప్పి, మందు నీళ్ళతో, కిరోసిన్‌తో స్నానం చేసి లోపలికి రావాలన్నారు. పేలు, టైఫస్ జ్వరం అని కారణం చెప్పారు. జనవరి 28న కార్మెలితా టోరెస్ అనే 17 ఏళ్ళ పనిపిల్ల ఆ స్నానానికి ఒప్పుకోలేదు. తోటి ఆడవాళ్ళు ఆమె వెంట నిలిచి వంతెనను దిగ్బంధం చేశారు. అల్లరి కొన్నాళ్ళలో అణిగిపోయింది, స్నానాలు మాత్రం ఏళ్ళ తరబడి సాగాయి.

ఇంట్లో గిన్నెలు తోమటానికి, పిల్లల్ని ఎత్తుకోటానికి ఆ చేతులే కావాలి, గడప దాటేముందు మాత్రం ఆ ఒళ్ళు మైల. పెరటి దోవన వచ్చి పెరటి దోవనే వెళ్ళిన మన ఆడవాళ్ళకు ఈ ఏర్పాటు కొత్తగా కనిపించదు. డబ్బు లేనివాళ్ళు, అక్షరం రానివాళ్ళు, ఈ అవమానం పడలేనివాళ్ళు వంతెన వదిలేసి నదిలోంచీ ఎడారిలోంచీ నడిచారు. 1929 చట్టం నేరమన్నది ఈ నడకనే.

ఒక బేరం

1924 వలస చట్టం దేశాలవారీగా కోటాలు పెట్టింది. ఆసియావాళ్ళకు తలుపు దాదాపుగా మూసేసింది. ఉత్తర, పశ్చిమ యూరప్ తెల్లవాళ్ళకు పెద్ద వాటా దక్కింది. అమెరికా ఖండాల దేశాలకు, అంటే మెక్సికోకు కూడా, కోటా పెట్టలేదు. నైరుతి రాష్ట్రాల్లో పత్తి, బీట్‌దుంప, పండ్లతోటల ఆసాములు అడ్డం పడ్డారు. మెక్సికోవాడు వలస పక్షిలాంటివాడు, కోతలైపోగానే గూటికి పోతాడు, ఇక్కడ స్థిరపడడు అని వాళ్ళు చట్టసభకు నచ్చజెప్పారు. తెల్లజాతి స్వచ్ఛత గురించి గొంతు చించుకునేవాళ్ళకు ఇది మింగుడుపడలేదు. టెక్సస్ సభ్యుడు జాన్ బాక్స్ మెక్సికోకూ కోటా పెట్టాలని బిల్లులు తెచ్చాడు, ఆసాములు వాటిని సాగనివ్వలేదు.

ఈ తగువు మధ్యలోకి దక్షిణ కెరొలైనా సెనేటర్ కోల్‌మన్ బ్లీజ్ వచ్చాడు. 1911 నుంచి 1915 వరకు ఆ రాష్ట్రానికి గవర్నరుగా వున్నప్పుడు నల్లవాళ్ళ లించింగ్‌ను బాహాటంగా సమర్థించిన మనిషి. కారంచేడు 1985లో, చుండూరు 1991లో చూసిన మనకు లించింగ్ అంటే విడమరిచి చెప్పనక్కర్లేదు. ఇతను రెండు పక్షాలకూ పనికొచ్చే సూచన చేశాడు. మెక్సికోవాళ్ళకు కోటా వద్దు, అనుమతి లేని దారిలో రావటాన్ని నేరం చేద్దాం అన్నాడు. వలస వ్యవహారాలు అప్పట్లో కార్మికశాఖ చేతిలో వుండేవి. ఆ శాఖ మంత్రి జేమ్స్ డేవిస్, మేలుజాతి సిద్ధాంతాన్ని నమ్మినవాడు, ఈ బిల్లుకు వెన్నుదన్నుగా నిలిచాడు.

1929 మార్చి 4న చట్టం అయింది. అనుమతి లేకుండా రావటం చిన్న నేరం, ఏడాది వరకు జైలు, 1,000 డాలర్ల వరకు జుల్మానా, లేదా రెండూ. ఒకసారి వెళ్ళగొట్టిన తర్వాత మళ్ళీ రావటం పెద్ద నేరం, రెండేళ్ళ వరకు జైలు. చట్టంలో మెక్సికో అన్న మాట లేదు. మన నేర తెగల చట్టంలోనూ తెగల పేర్లు రాయలేదు, నోటిఫై చేసే అధికారం మాత్రం రాశారు. పేరు రాయనక్కర్లేకుండానే ఎవరిమీద పడాలో వాళ్ళమీద పడేట్టు చట్టం రాయటం పాలకులకు ఎప్పటినుంచో తెలిసిన విద్య.

ఆసాములకు ఇందులో నష్టమేమీ లేదు. కావలసినప్పుడు కూలీ వస్తాడు, ఎదురుతిరిగితే జైలు చూపించొచ్చు. ఊరికి దూరంగా వాడ పెట్టి, పొద్దున్నే పాలేర్లను పిలిపించుకున్న మన ఆసాముల లెక్కే ఇది.

అంకెలు ఎటు నడిచాయి

చట్టం వచ్చీరాగానే పని మొదలుపెట్టింది. 1930 చివరికి అనుమతి లేని ప్రవేశం కింద 7,001 కేసులు నడిపినట్టు అటార్నీ జనరల్ నివేదించాడు. ఆ దశాబ్దం ముగిసేసరికి మొత్తం 44 వేలు దాటాయి. చరిత్రకారిణి కెల్లీ లిటిల్ హెర్నాండెజ్ 2017లో వెలువరించిన లాస్ ఏంజిలెస్ జైళ్ళ చరిత్రలో ఈ అంకెలన్నీ బయటికి తీసింది. 1930లలో వలస నేరాల ఖైదీల్లో మెక్సికోవాళ్ళు ఏనాడూ నూటికి 85కు తగ్గలేదని చూపించింది. వీళ్ళకోసమే సరిహద్దు పొడుగునా కొత్త జైళ్ళు లేచాయి. ఎల్ పాసో దగ్గర లా ట్యూనా జైలు ఆ కాలంలో కట్టిందే. అరిజోనాలో రోడ్డు పనికి ఖైదీల క్యాంపు పెట్టారు. బయట కూలి చేసినవాళ్ళే లోపల కూలి లేకుండా రోడ్లు వేశారు.

రెండో ప్రపంచయుద్ధం వచ్చి మనుషుల కొరత పడగానే గాలి మళ్ళింది. 1942లో మెక్సికోతో ఒప్పందం చేసుకుని, బ్రసేరో పేరుతో లక్షలాది మందిని ప్రభుత్వమే కూలికి పిలిపించుకుంది. 1964 దాకా అది నడిచింది. ఒకపక్క అది నడుస్తుండగానే 1954లో, మెక్సికన్లను తిట్టే మాటనే పేరుగా పెట్టుకుని, మూకుమ్మడిగా వెళ్ళగొట్టే దాడులు చేశారు. అప్పుడు కోర్టు అవసరం పడలేదు. బస్సుల్లో, రైళ్ళలో, ఓడల్లో ఎక్కించి పంపేశారు. ఆ దశాబ్దాల్లో పట్టుబడ్డవాళ్ళలో అత్యధికుల్ని కేసు లేకుండానే వెనక్కి తోలారు. చట్టం పుస్తకంలో వుంది, కేసు పెట్టటం ఖర్చు, అందుకని పక్కన పెట్టారు. అంతేగానీ కొట్టెయ్యలేదు.

కొట్టెయ్యకపోగా 1952లో మెక్‌కారన్-వాల్టర్ చట్టంలో ఈ రెండు నేరాలనూ తిరిగి రాసుకున్నారు. ఇవాళ్టి 1325, 1326 సెక్షన్లు అవే. మొదటిసారి ప్రవేశానికి జైలు ఆరు నెలలకు తగ్గింది. అధ్యక్షుడు ట్రూమన్ జాతివివక్ష వుందని ఆ చట్టాన్ని వీటో చేశాడు, చట్టసభ వీటోను తోసేసింది. 1965లో దేశాలవారీ కోటాలు రద్దయ్యాయి, మంచిదే. కానీ అదే చట్టంవల్ల 1968నుంచి మెక్సికోతో సహా అమెరికా ఖండాల దేశాలన్నిటికీ కలిపి ఏడాదికి 1,20,000 అనే పరిమితి మొదటిసారిగా వచ్చింది. బ్రసేరో ఆగింది, కోతలు ఆగలేదు. నిన్నటిదాకా చీటీతో వచ్చిన మనిషి అదే పొలానికి అదే పనికి ఇవాళ చీటీ లేకుండా వచ్చాడు. నిన్న కూలీ, ఇవాళ నేరస్తుడు.

1988లో, 1994లో మళ్ళీ వచ్చినవాళ్ళ శిక్షలు పెంచారు. కొన్ని రకాల పాత కేసులుంటే 20 ఏళ్ళ దాకా జైలన్నారు. అసలు మలుపు 2005 డిసెంబరులో వచ్చింది. టెక్సస్‌లోని డెల్ రియో సెక్టారులో ఆపరేషన్ స్ట్రీమ్‌లైన్ మొదలైంది. పట్టుబడ్డవాళ్ళలో ఎవరిమీద కేసు పెట్టాలన్న విచక్షణ తీసేసి అందరిమీదా పెట్టటం దీని పద్ధతి. 2008లో అది అరిజోనాలోని టూసాన్ చేరింది. అక్కడ రోజుకు 70 మందిదాకా ఒకే కోర్టు హాల్లో, చేతులకూ నడుముకూ కాళ్ళకూ గొలుసులతో నిలబడేవాళ్ళు. వకీలుతో మాట్లాడటానికి ఒక్కొక్కరికి కొద్ది నిమిషాలు. ఆ తర్వాత నేరం ఒప్పుకుంటున్నారా అని గుంపును మొత్తంగా అడగటం, అందరూ ఒక్కసారే అవునని చెప్పటం. 2009లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఇట్లా గుంపుగా ఒప్పించటం నిబంధనలకు విరుద్ధమంది. పద్ధతి కాస్త సవరించుకున్నారు, గొలుసులు వుండిపోయాయి.

ఇప్పుడు రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూద్దాం. 2000 ఆర్థిక సంవత్సరంలో సరిహద్దు పోలీసులు పట్టుకున్నవాళ్ళు 16 లక్షలకు పైనే. 2013లో దాదాపు 4 లక్షల 20 వేలు. అంటే నాలుగోవంతుకు పడిపోయారు. అదే కాలంలో వలస నేరాల కేసులు అనేక రెట్లు పెరిగి, ఒబామా అధ్యక్షుడుగా వున్న 2013లో 97 వేలు దాటాయి. దాటేవాళ్ళు తగ్గుతుంటే నేరస్తులు పెరిగారు! ఈ ఖైదీలకోసం ఫెడరల్ జైళ్ళశాఖ ప్రైవేటు కంపెనీల జైళ్ళను కాంట్రాక్టుకు తీసుకుంది. ఆ కాంట్రాక్టులు 2022 చివరికిగానీ ముగియలేదు. ఇది ఒక పార్టీ చేసిన పని కాదని కూడా గమనించాలి. బుష్ మొదలుపెట్టింది ఒబామా పెంచాడు, ఒబామా పెంచినదాన్ని ట్రంప్ ఆయుధం చేసుకున్నాడు.

2018 ఏప్రిల్‌లో అటార్నీ జనరల్ జెఫ్ సెషన్స్ 'ఏ సడలింపూ లేదు' అని ఆజ్ఞ ఇచ్చాడు. బిడ్డల్ని చంకనేసుకుని వచ్చిన తల్లులమీదా కేసు పెట్టమన్నాడు. కేసు పెడితే తల్లి జైలుకు పోవాలి. పిల్లను జైల్లో పెట్టకూడదు. కాబట్టి పిల్లను 'తోడు లేని బిడ్డ' అని రాసుకుని వేరే శాఖకు అప్పజెప్పారు. వేలమంది పిల్లలు ఇట్లా తల్లిదండ్రుల నుంచి వేరైపోయారు. జూన్‌లో ఫెడరల్ జడ్జి డానా సబ్రా కలపమని ఉత్తర్వు ఇచ్చాడు. కొన్ని కుటుంబాలను కలపటానికి ఏళ్ళు పట్టింది. ఆరు నెలలకు మించని 'చిన్న నేరం' అంత పని చేసింది. మరుసటి ఏడాది 2019లో ప్రవేశం కింద 80 వేలమందికి పైగా, మళ్ళీ రావటం కింద 25 వేలమందికి పైగా కేసుల్లో ఇరుక్కున్నారు.

2020 మార్చిలో కరోనా వచ్చింది. ప్రజారోగ్య చట్టం పేరుతో, విచారణ లేకుండానే, వచ్చినవాళ్ళను వచ్చినట్టు వెనక్కి నెట్టటం మొదలైంది. కేసులు ఒక్కసారిగా కూలిపోయాయి. 1917లో టైఫస్, 2020లో కరోనా! కోర్టు లేకుండా పంపే సాధనం చేతికి దొరికితే నేరచట్టం అలమారలోకి పోతుంది, అది పోగానే మళ్ళీ బయటికొస్తుంది. 2023 మేలో ఆ ఆజ్ఞ ముగిసింది. 2025లో సరిహద్దు దాటేవాళ్ళు కొన్ని దశాబ్దాల్లో లేనంత తగ్గిపోయినా కొత్త నేరాలు వెతుక్కున్నారు. ఆ ఏప్రిల్‌లో న్యూ మెక్సికో సరిహద్దు పట్టీని సైనిక ప్రాంతంగా ప్రకటించి, దాటినవాళ్ళమీద సైనిక స్థలంలో చొరబడ్డ కేసు అదనంగా పెట్టారు. అది సైనిక స్థలమని వాళ్ళకు తెలుసన్న ఆధారం లేదని అక్కడి మేజిస్ట్రేటు జడ్జి మేలో చాలా అభియోగాలను కొట్టేశాడు. అదే ఏప్రిల్ 11 నుంచి పౌరులు కాని పెద్దలు రిజిస్టరు చేసుకున్న రుజువు ఎప్పుడూ దగ్గర పెట్టుకోవాలన్న పాత నిబంధనను నిద్రలేపారు. రిజిస్టరు, వేలిముద్ర, చీటీ. స్టూవర్టుపురం ముసలివాళ్ళకు ఇవి కొత్త మాటలు కావు.

పుట్టుక కడిగితే పోతుందా

2021 ఆగస్టులో నెవాడాలో ఫెడరల్ జడ్జి మిరాండా డూ ఒక తీర్పు ఇచ్చింది. 1326 సెక్షన్ జాతిద్వేషంలోంచి పుట్టింది, దాని భారం ఎక్కువగా లాటిన్ అమెరికావాళ్ళమీదే పడుతున్నది, కాబట్టి సమానత్వ హక్కుకు విరుద్ధం అంది. 1929 చట్టం వెనక జాతిద్వేషం వున్నదని ప్రభుత్వమే ఆ కోర్టులో ఒప్పుకుంది. ఒప్పుకుంటూనే, 1952లో తిరిగి రాశాం గనుక పాత మరక పోయిందని వాదించింది. 2023 మేలో తొమ్మిదో సర్క్యూట్ కోర్టు ప్రభుత్వం వైపే మొగ్గి ఆ తీర్పును రద్దు చేసింది.

అదే 1952లో, ఆగస్టు 31న, ఇండియాలో నేర తెగల చట్టం రద్దయింది. మనం కొట్టేశాం, వాళ్ళు తిరిగి రాసుకున్నారు అని గర్వపడదామా? గర్వపడే పరిస్థితి లేదు. ఆ చోట్లోకి రాష్ట్రాలు అలవాటు నేరస్తుల చట్టాలు తెచ్చుకున్నాయి. 2024 అక్టోబరులో సుకన్య శాంత కేసులో మన సుప్రీంకోర్టు జైలు మాన్యువళ్ళలో కులాన్నిబట్టి పని పంచే నిబంధనలను కొట్టేసింది. విముక్త జాతులవాళ్ళను పుట్టుకతో అలవాటు నేరస్తులుగా చూసే ధోరణి 72 ఏళ్ళ తర్వాత కూడా ఆ పుస్తకాల్లో బతికే వుంది. చట్టం పేరు మారినా రిజిస్టరు మారదు.

మన దగ్గరి ప్రశ్న

ఇక్కడ తెలుగువాళ్ళకు సంబంధించిన మాట ఒకటి చెప్పాలి. 1923లో భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ, అమెరికా సైన్యంలో పనిచేసినవాడు, పౌరసత్వం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. తెల్లవాళ్ళకే పౌరసత్వం అన్న నిబంధన తప్పు అని అతని తరఫువాళ్ళు వాదించలేదు. అతను అగ్రకుల ఆర్యుడు గనుక తెల్లవాడే అన్నారు. నల్లవాళ్ళతో పెళ్ళి సంబంధానికి తెల్లవాడు ఎట్లా అసహ్యపడతాడో, కింది జాతులతో అగ్రకుల హిందువు అట్లాగే అసహ్యపడతాడని కులాన్ని రుజువుగా చూపారు. కోర్టు ఆ వాదన తోసేసింది. జాతి గోడ పడగొట్టమనకుండా, కులం చీటీ చూపించి గోడ అవతలికి పోదామనుకున్న ఆ ఆలోచన మాత్రం చావలేదు. 'మేము చట్టప్రకారం వచ్చినవాళ్ళం, వాళ్ళలాంటివాళ్ళం కాం' అని ప్రవాసుల సభల్లో వినిపించే మాట దాని మనవడే.

2019 జనవరిలో ఆ మాట పగుళ్ళిచ్చింది. డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో పాఠాలు లేని, పంతుళ్ళు లేని ఒక విశ్వవిద్యాలయాన్ని అమెరికా వలసశాఖ అధికారులే 2015 నుంచి వలగా పెట్టి నడిపారు. దాదాపు 600 మంది చేరారు, ఎక్కువమంది తెలుగు పిల్లలు. చేర్పించినవాళ్ళు 8 మందిమీద వీసా మోసం, లాభానికి ఆశ్రయమిచ్చిన కుట్ర అని నేరం మోపారు. అందరూ నేరం ఒప్పుకుని జైలుశిక్షలు పడ్డవాళ్ళే. విద్యార్థులను సివిల్ పద్ధతిలో నిర్బంధించి పంపేశారు. 'మన పిల్లల్ని వల పన్ని పట్టారు' అని తెలుగునాట బాధపడ్డారు. ఆ బాధ న్యాయమైనదే. అప్పుచేసి పిల్లవాణ్ణి పంపిన ఇంట్లో ఏం జరుగుతుందో, ఇంటికి మొదటి డిగ్రీ మోసుకొచ్చిన మాకు తెలుసు. 2025 ఫిబ్రవరి 5న 104 మంది భారతీయులను గొలుసులతో సైనిక విమానంలో అమృత్‌సర్‌లో దించినప్పుడూ దేశం సిగ్గుపడింది. మా ప్రశ్న ఏమంటే, టూసాన్ కోర్టులో 2008నుంచి అవే గొలుసులతో నిలబడ్డ మెక్సికో, గ్వాటెమాలా కూలీలకోసం మనం ఎప్పుడైనా బాధపడ్డామా? మన మణికట్టుకు తగిలేదాకా అది వాళ్ళ నేరంగానే కనిపించింది గదా.

ఊళ్ళో తిరగటానికీ, చెరువు నీళ్ళు ముట్టటానికీ, మంచి బట్ట కట్టటానికీ దండన పడ్డ జనం నుంచి వచ్చిన పరిశోధకులు 'చట్టం ఉల్లంఘించాడు' అన్న మాట దగ్గర ఆగిపోకూడదు. ఆ చట్టం ఎవరి బేరంలో పుట్టిందో, కేసులు ఏ ఏడు ఎందుకు పెరిగాయో, ఎందుకు తగ్గాయో తవ్వాలి. 1930లనాటి సరిహద్దు జైళ్ళ రికార్డులు అక్కడి పరిశోధకులు తవ్వి తీశారు. నేర తెగల సెటిల్‌మెంట్ల రిజిస్టర్లను మన వైపునుంచి, ఆ పేర్లున్న మనుషుల మనవలూ మనవరాళ్ళూ చదివి రాయాల్సిన పని చాలావరకు అట్లాగే వుంది. ఆ పని మొదలుపెట్టి, ఈ రెండు చరిత్రలనూ పక్కపక్కన పెట్టి చదవాలని మిత్రులను కోరుతున్నాం.